భయం పోయిన పూట

ఆ సెలవు రోజు ఎవరెవరు ఏం చేయాలో అత్తగారు ముందురోజే ఖాయం చేసేశారు. పొద్దున్నే టీలు, స్నానాలు ముగించాలి. అందరూ కలిసి ఆవిడ అన్నగారింటికి వెళ్లాలి. ఆయన కొత్తగా కట్టించుకున్న వరండా చూడాలి, బాగుందనాలి, అక్కడే భోంచేసి సాయంత్రానికి తిరిగి రావాలి. బాగుందనడం కూడా కార్యక్రమంలో భాగమే. మామగారు "అలాగే" అన్నారు. పెళ్లయిన నాటి నుంచి ఆయన ఆ ఇంట్లో ఎక్కువగా వాడిన మాట అదే.

కోడలికి మాత్రం ముందుగా ఒక చిన్న పని ఉంది. ఆమె పరిశోధక విద్యార్థిని. జీవశాస్త్ర విభాగంలో మెట్ల కింది గదిలో ఆమె ఎలుకలు ఉంటాయి. ఎలుకలకు సెలవులుండవు కనుక, ఇంట్లో వాళ్లు ఆవులిస్తూ ఉండగానే బయలుదేరి వెళ్లింది. వాటికి నీళ్లు పెట్టి, పెట్టెల్లో పొట్టు మార్చి, అందరూ తయారయ్యే వేళకి వచ్చేయాలని ఆమె ఉద్దేశం.

ఎలుక పుట్టుకతోనే పిరికిది. వెలుతురుగా ఉన్న పెద్ద పెట్టెలో వదిలితే నడిమధ్యకు రాదు. గోడను రాసుకుంటూ అంచుల వెంటే తిరుగుతుంది. ఒక అడవి మొక్క వేరు సారం తినిపిస్తే ఆ భయం తగ్గుతుందేమోనని ఆమె గైడుగారికి అనుమానం. అనుమానం నిజమో కాదో తేల్చడానికి బిస్కెట్లు చేశారు. సగం ఎలుకలకు సారం కలిపినవి, సగం ఎలుకలకు ఏమీ కలపనివి. రెండూ ఒకే రంగు, ఒకే రుచి. రెండూ ఒకేలాంటి గుండ్రటి రేకు డబ్బాల్లో ఉన్నాయి. ఒక డబ్బా మీద వృత్తం గుర్తు, రెండోదాని మీద త్రిభుజం. దేంట్లో ఏముందో గైడుగారికి తప్ప ఎవరికీ తెలియదు. వాటిని రోజూ ఎలుకలకు పెట్టే కోడలికి కూడా తెలియదు.

"నాకు కూడా చెప్పరా సార్?" అని ఆమె మొదట్లో అడిగింది.

"చెప్తే నీ కళ్లు నీకు కావలసిందే చూస్తాయమ్మా. మందు తిన్న ఎలుక మధ్యకొస్తే ధైర్యం అంటావు. తిననిది వస్తే దారి తప్పిందంటావు. తెలియకపోవడమే ఇక్కడ నీ అర్హత," అన్నారాయన.

ప్రయోగశాల గోడలకు రంగులు వేస్తున్నారని ముందురోజు సాయంత్రం అలమారలన్నీ ఖాళీ చేయించారు. సామాన్ల గదికి అప్పటికే తాళం వేసేశారు. నిబంధన ప్రకారం డబ్బాలు బయటికి తీసుకెళ్లకూడదు. ఒక్క రోజుకే కదా అనుకుని కోడలు వాటిని ఇంటికి తెచ్చి, వంటింటి పై అరలో పెద్ద గిన్నెల వెనక దాచింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చింది ఆ దాచడమే. పొద్దున టీపొడి కోసం స్టూలెక్కిన అత్తగారికి గిన్నెల వెనక రెండు డబ్బాలు కనిపించాయి. మూత తీస్తే బిస్కెట్లు.

"ఓహో," అన్నారు అత్తగారు. ఆ ఓహోలో కోడలు కాపురానికొచ్చిన నాటి నుంచి ఆవిడ దాచుకున్న అనుమానాలన్నీ ఉన్నాయి.

కోడలు తిరిగి వచ్చేసరికి హాల్లో నలుగురూ టీ తాగుతున్నారు. అత్తగారు, మామగారు, ఆమె భర్త, సెలవులకు వచ్చిన ఆడపడుచు. మధ్యలో పళ్లెం. పళ్లెంలో పొడి, మూడు నాలుగు బిస్కెట్లు. వాటి నలుచదరపు ఆకారం చూడగానే కోడలి గుండెలో రాయి పడింది.

"రా అమ్మాయీ," అన్నారు అత్తగారు తీయగా. "నువ్వు దాచుకున్నవే. చప్పగా ఉన్నాయి గానీ, ఇంత చప్పటివి దాచుకున్నావంటే మంచివే అయ్యుంటాయని అందరికీ పెట్టాను."

"ఏ డబ్బాలోవి అత్తయ్యా?"

"గుండ్రటి డబ్బాలోవి."

"అత్తయ్యా, రెండూ గుండ్రటివే!"

కోడలు వంటింట్లోకి పరుగెత్తింది. వృత్తం గుర్తున్న డబ్బాకు చుట్టిన తెల్ల టేపు చిరిగి వేలాడుతోంది. త్రిభుజం డబ్బా చెక్కుచెదరలేదు. ఆమె చిరిగిన టేపు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "అవి ఎలుకలవి," అంది.

ఆడపడుచు టీ కప్పు కింద పెట్టింది. ఆమె చిన్నపిల్లల బడిలో హెడ్‌మాస్టరమ్మ. బడిలో పులి. బడి దాటితే బల్లిని చూసినా కేక పెడుతుంది. "అంటే... ఎలుకల్ని చంపేవా?" అంది పీలగా.

"కాదు వదినా, ఎలుకలు తినేవి. వీటిలో మందు ఉండొచ్చు. ఉండకపోవచ్చు."

"ఉండొచ్చు, ఉండకపోవచ్చు ఏమిటి? రోజూ పెట్టేది నువ్వే కదా!" అన్నాడు భర్త.

"తెలియకూడదు. అదే పద్ధతి."

"తెలియకపోవడం కూడా ఒక పద్ధతేనా?" అన్నారు అత్తగారు.

అప్పుడు కోడలు ఒక పొరపాటు చేసింది. పరిశోధన అంటే ముందు ఉన్నదున్నట్టు చూడటం. చూసేదాన్ని మన నోటితో మార్చకూడదు. ఆ సంగతి ఆమెకు కంఠస్థం. కానీ భయం వేసినప్పుడు కంఠస్థమైనవన్నీ కంఠంలోనే ఆగిపోతాయి. "ఎవరికైనా గుండె దడగా ఉందా? నాలుక మొద్దుబారినట్టుందా? అరచేతులు చల్లబడ్డాయా?" అని గబగబా అడిగేసింది.

భర్త చెయ్యి దానంతటదే గుండె మీదకు వెళ్లింది. "నువ్వు అడిగేదాకా లేదు," అన్నాడు. "ఇప్పుడు ఉంది." ఆడపడుచు నాలుక బయటపెట్టి వేలితో తాకి చూసుకుంది. "మొద్దుబారింది," అందామె, నాలుక లోపలికి తీసుకోకుండానే. అత్తగారి అరచేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. నిజానికి ఆవిడ ఇంతసేపూ చన్నీళ్ల గ్లాసు పట్టుకుని కూర్చున్నారు, కానీ ఆ సంగతి ఆవిడకే గుర్తు లేదు.

"అసలా మందు ఏం చేస్తుంది?" అన్నాడు భర్త.

"భయం పోగొడుతుంది."

"ఓస్, అంతేనా," అన్నారు అత్తగారు. "పోతే మంచిదేగా."

కోడలు చేతిలోని టేపును వేలికి చుట్టసాగింది. ఆమెకు కిందటి ఏడాది, డబ్బాలకు గుర్తులు పెట్టకముందు చేసిన మొదటి ప్రయత్నం గుర్తొచ్చింది. అప్పుడింకా మోతాదు సరిగ్గా కుదరలేదు. ఒక తెల్ల ఎలుక పెట్టె అంచు మీదకు ఎక్కింది. మామూలు ఎలుకైతే అంచు తగలగానే వెనక్కి తగ్గుతుంది. అది తగ్గలేదు. ఎదురుగా ఏదో నేల ఉన్నట్టే గాల్లోకి అడుగు వేసింది. కోడలు దోసిలి పట్టబట్టి బతికింది. అది అలా గాల్లోకి నడవడం ఆమెకు కలలో కూడా వస్తోంది. "ఏమైంది, చెప్పు," అని భర్త గట్టిగా అడిగేసరికి, వద్దు వద్దనుకుంటూనే చెప్పేసింది.

అందరి చూపులూ బాల్కనీ వైపు తిరిగాయి. వాళ్లు ఉండేది మేడ మీద వాటాలో. హాలుకు ఆనుకుని బాల్కనీ. బాల్కనీ పిట్టగోడ మోకాలికి కాస్త పైదాకానే ఉంటుంది.

భర్త బీమా ఆఫీసులో ప్రమాదాల విభాగంలో పనిచేస్తాడు. ఏ వస్తువు మనిషిని ఏ విధంగా తీసుకుపోతుందో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అతను లేచి బాల్కనీ తలుపు గడియ పెట్టి, గడియకు గుడ్డ చుట్టి ముడివేశాడు. కత్తులు, కత్తెర, సూదుల డబ్బా తెచ్చి బీరువాలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్నది సమస్య అయింది. భయం పోయిన మనిషి దగ్గర ఉండకూడదు. ఎవరికి పోయిందో తెలియదు. చివరికి బిస్కెట్ తినని కోడలి చేతిలో పెట్టాడు. "నువ్వొక్కదానివే మామూలు మనిషివి. మమ్మల్ని నువ్వే చూసుకోవాలి," అన్నాడు. ఆమె వేళ్లను తాళంచెవి చుట్టూ తనే మూశాడు. అది చూసి కోడలికి కన్నీళ్లొచ్చాయి. ఆ బిస్కెట్లు చేసింది ఎలుకల కోసం. ఈ మనిషి కోసం కాదు.

ఇక మిగిలిన దారి ఒక్కటే, గైడుగారిని అడగడం. ఆ పూట ఆయన పళ్ల డాక్టరు దగ్గర ఉంటానని చెప్పినట్టు గుర్తు. ఫోన్ చేస్తే ఆస్పత్రి సహాయకురాలు ఎత్తింది.

"ఆయన నోట్లో పరికరాలున్నాయండీ, మాట్లాడలేరు."

"ఒక్క మాట అడిగి చెప్పండి. వృత్తం డబ్బాలో మందు ఉందా, లేదా? అంతే."

ఫోన్ లోంచి గిర్రున ఏదో తిరుగుతున్న చప్పుడు వినిపించింది. అందరూ కోడలి చుట్టూ మూగారు.

"అడిగానండీ. తల ఊపారు."

"ఎలా ఊపారు? అవునన్నట్టా, కాదన్నట్టా?"

"అది చెప్పలేనండీ. ఊపింది ఆయన కాదు. డాక్టరుగారు పన్ను లాగుతున్నారు." కాసేపాగి మళ్లీ అంది. "ఆయన ఎందుకు అని చేత్తో అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?"

"ఏం లేదు... చిన్న సందేహం..." అంది కోడలు. ఆ అబద్ధం ఆమెకే రుచించలేదు.

"పని అవగానే మీ ఇంటికే వస్తారట. కారణం తెలియనిదే డబ్బా సంగతి చెప్పరట, పక్క వీధేగా అని రాసి చూపించారు."

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగేసరికి కోడలికి ఒళ్లు జలదరించింది. ఆడపడుచు కుర్చీ వెనక గోడ మీద, ఆమె చెవికి జానెడు దూరంలో బల్లి ఉంది. ఆడపడుచు దానివైపే ముఖం తిప్పి ప్రశాంతంగా కూర్చుంది.

"అక్కా," అన్నాడు తమ్ముడు గుసగుసగా, "నీకేం అనిపించడం లేదా?"

"దేనికి?"

"అయ్యో నా తల్లీ! ఎక్కేసింది దీనికి!" అని అత్తగారు కూతురిని వాటేసుకున్నారు. ఆ ఊపుకు ఆడపడుచు ఒళ్లోంచి కళ్లద్దాలు జారిపడ్డాయి. ఆమె వాటిని తీసి పెట్టుకుంది. బల్లిని చూసింది. ఆమె పెట్టిన కేకకు బల్లి కిందపడి, తోక అక్కడే వదిలి పారిపోయింది.

"అరిచింది! హమ్మయ్య, అరిచింది!" అని అత్తగారు కళ్లు తుడుచుకున్నారు. కూతురు అరిచినందుకు ఆవిడ సంతోషించడం అదే మొదటిసారి.

అప్పటి నుంచి ఆ ఇంట్లో భయమే ఆరోగ్యం అయిపోయింది. ఎవరికి ఎంత భయముందో ఎవరికి వారు పరీక్షించుకోవడం మొదలుపెట్టారు. భర్త బాల్కనీ అద్దంలోంచి కిందికి చూసి, "కాళ్లు వణుకుతున్నాయి, చూడండి," అని పంట్లాం ఎత్తి అందరికీ చూపించాడు. ఆడపడుచు బడి తనిఖీ అధికారిని తలచుకుని, చెమట పట్టిందని ధ్రువపరిచింది. ఎలుకల సంగతి విన్నారు కనుక హాలు నడిమధ్యకు రావడానికి ఎవరికీ మనసొప్పలేదు. మధ్యకొస్తే మందు ఎక్కినట్టు లెక్క. ముగ్గురూ వీపులు గోడకానించి, వంటింటికి వెళ్లాలన్నా గోడ పట్టుకునే వెళ్తున్నారు. కోడలు అది చూసింది. చూసి, తను రోజూ పెట్టె పైనుంచి చూసేది సరిగ్గా ఇదేనని గుర్తుపట్టి, నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడింది.

మామగారు మాత్రం ఇంతసేపూ మూలనున్న తన కుర్చీలో టీ తాగుతూ అందరినీ చూస్తున్నారు. టీ అయిపోయాక కప్పు కింద పెట్టి, లేచి, కుర్చీ రెండు చేతులతో ఎత్తి తెచ్చి, హాలు నడిమధ్యలో సరిగ్గా ఫ్యాను కింద వేసుకుని కూర్చున్నారు.

"ఏవండీ," అన్నారు అత్తగారు గోడ దగ్గర నుంచి, "ఇటు రండి."

"ఇక్కడ గాలి బాగుంది," అన్నారు మామగారు. కాసేపాగి మళ్లీ లేచి వీధివైపు కిటికీ తెరిచారు. ఆ కిటికీ తెరిస్తే దుమ్మొస్తుందని అత్తగారు దాన్ని ఎన్నడూ తెరవనిచ్చింది లేదు.

"దుమ్మండీ!"

"రానీ," అన్నారాయన.

ఆ ఒక్క మాటకు ముగ్గురూ గోడకు మరింత అతుక్కుపోయారు. అత్తగారి ముఖం పాలిపోయింది. "అమ్మాయీ, విన్నావా? రానీ అన్నారు. పెళ్లయిన దగ్గర నుంచి ఈ మనిషి నోట అలాంటి మాట రాలేదే!"

"మామయ్యా, మీకు ఎలా ఉంది?" అంది కోడలు. ఈసారి జాగ్రత్తగా అంతవరకే అడిగింది.

"ఎలా ఉండటమేమిటి తల్లీ, దివ్యంగా ఉంది," అన్నారాయన. ఇంకేం కావాలి? కోడలు వెళ్లి బాల్కనీ గడియకున్న ముడి ఇంకోసారి బిగించింది. ఆ తెల్ల ఎలుక కూడా దివ్యంగానే నడిచింది.

"అన్నయ్యకి ఇవాళ రాలేమని ఫోన్ చేస్తాను," అన్నారు అత్తగారు వణుకుతూ. "పాపం, ఏమనుకుంటాడో."

"ఇవాళే కాదు, ఇంకెప్పుడూ రానని చెప్పు," అన్నారు మామగారు తాపీగా. "మీ అన్నయ్య మాట్లాడుతుంటే నాకు నిద్రొస్తుంది. నిద్రపోతే నువ్వు గిల్లుతావు. వరండా బాగుందో లేదో ఇక్కడి నుంచే చెప్పేస్తున్నాను. బాగాలేదు."

అత్తగారు పెద్దపెట్టున ఏడ్చారు. కోపంతో కాదు. ఆయన మనిషి కాకుండా పోయాడన్న భయంతో. పరుగున వెళ్లి తడిగుడ్డ తెచ్చి నుదుటి మీద వేశారు. కాళ్ల దగ్గర కూర్చుని అరికాళ్లు రుద్దారు. "మీకేం కాదు. నేనున్నానుగా. మీరేమన్నా నేనేమీ అనుకోను," అన్నారు. మామగారు కళ్లు మూసుకుని, "ఎడమకాలు కూడా," అన్నారు. ఆవిడ వెక్కుతూనే ఎడమకాలు అందుకున్నారు. కాసేపటికి ఫోన్ తీసుకుని గోడ దగ్గరకు వెళ్లారు.

ఆవిడ అన్నగారికి ఒక చెవి సరిగ్గా వినిపించదు. ఫోన్ ఎప్పుడూ ఆ చెవికే పెట్టుకుంటారు.

"అన్నయ్యా... మీ బావగారికి భయం పోయిందన్నయ్యా!"

అవతల అన్నగారు అదిరిపడ్డారు. "ప్రాణం పోయిందా! ఎప్పుడు చెల్లాయ్?"

"ఇందాకే. టీ తాగాక."

"బాధపడ్డారా?"

"లేదన్నయ్యా, హాయిగా నవ్వుతూ కూర్చున్నారు. అదే భరించలేకపోతున్నాను."

"చివరికేమైనా మాట్లాడారా?"

"మాట్లాడారు. నీ గురించే మాట్లాడారు," అని అత్తగారు ఇంకోసారి బావురుమన్నారు.

"నా గురించా!" అవతల ఏడుపు మొదలైంది. ఫోన్ పెట్టేశారు.

వంటింట్లో భర్త కోడలి పక్కన నిలబడి చిరిగిన టేపు చూస్తున్నాడు. "ఒక మాట చెప్తాను, కోప్పడకు," అన్నాడు గుసగుసగా. "ఆయన వచ్చేలోపు ఈ టేపు మళ్లీ అంటించేద్దాం. ఊరికే అడిగానని చెప్పు. డబ్బాలు ఇంటికి తెచ్చావని తెలిస్తే నీ సీటు పోతుంది. ఎలుకలొచ్చి సాక్ష్యం చెప్తాయా?"

కోడలికి ఆ మాట మొదట చాలా బాగుంది. టేపు జిగురు ఇంకా ఆరలేదు, అంటుకుంటుంది. రెండేళ్ల పని. ఎలుకలతో పాటు మెట్ల కింద గడిపిన రెండేళ్లు. ఆమె టేపును డబ్బా అంచుకు ఆనించింది కూడా. కానీ డబ్బా తెరుచుకుంది. అత్తగారు ఏ తడి చేత్తో తీశారో, ఏ గిన్నె గాలి తగిలిందో ఎవరికీ తెలియదు. రేపు దీంట్లోంచి ఎలుకలకు పెడితే, అవి ఏం చేసినా అది వేరు సారం వల్లేనని తను రాస్తుంది. గైడుగారు నమ్ముతారు. వేరే ఎవరో చదివి నమ్ముతారు. ఏదో ఒక రోజు మనుషులకు ఇస్తారు. ఆమె హాల్లోకి చూసింది. మామగారు నుదుటి మీద తడిగుడ్డతో ఫ్యాను కింద కూర్చుని ఉన్నారు.

"వద్దండీ," అంది. "ఎలుకలు సాక్ష్యం చెప్పకపోతే నేనే చెప్పాలి." ఆ మాటంటుంటే ఆమె పళ్లు టకటక కొట్టుకున్నాయి. భర్త టేపు ఆమె చేతిలోంచి తీసి కిటికీ చువ్వకు అంటించాడు, పారేస్తే దాచినట్టవుతుందేమోనని.

అంతలో మెట్ల మీద గుండెలవిసే ఏడుపు వినిపించింది. అత్తగారి అన్నగారు చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చారు. గుమ్మం దాటకుండానే, కండువాలో ముఖం దాచుకుని కూలబడ్డారు. "బావా! వెళ్లిపోయావా బావా! నేను చెప్పేదంతా ఇంత ఓపికగా విన్న మనిషి ఈ లోకంలో నువ్వొక్కడివే బావా! మధ్యలో ఒక్కసారైనా ఆపమన్నావా! ఇక నా మాటలు ఎవరితో చెప్పుకోను!"

మామగారు నుదుటి మీది గుడ్డ తీశారు. చూస్తుంటే ఆయనక్కూడా కాస్త జాలేసినట్టుంది. "లోపలికి రండి బావగారూ, ఎండలో వచ్చారు," అన్నారు.

అన్నగారు కండువా దించారు. నడిమధ్య కుర్చీలో పోయిన మనిషి. చుట్టూ గోడలకు అంటుకుని, రక్తం లేని ముఖాలతో బతికున్న మనుషులు. ఎవరు పోయారో ఎవరు ఉన్నారో ఆయనకు ఒక్కసారిగా అంతుపట్టలేదు. గొంతులోంచి చిన్న చప్పుడు చేసి, ఆయన కూడా గోడవైపు జరిగి దానికి వీపు ఆనించారు. ఆయనైతే బిస్కెట్ వాసన కూడా చూడలేదు.

సరిగ్గా అప్పుడే గైడుగారు వచ్చారు. ఎడమ బుగ్గ బూరెలా పొంగి ఉంది. నోట్లో దూది. ఆయన గుమ్మంలో ఆగి, గోడల వెంట ఉన్నవాళ్లను, మధ్యలో ఉన్న మనిషిని చాలా శ్రద్ధగా చూశారు. అలవాటైన దృశ్యమే గానీ ఇంత పెద్ద పరిమాణంలో ఎప్పుడూ చూడలేదు.

కోడలు ముందుకొచ్చింది. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది ఆమె పరిస్థితి. "సార్, తప్పు చేశాను. డబ్బాలు ఇంటికి తెచ్చాను. వృత్తం డబ్బాలోవి వీళ్లు తినేశారు. దాంట్లో మందుందా సార్?"

గైడుగారు బుగ్గ పట్టుకుని బలంగా ప్రయత్నించారు. "వుత్త... వుత్త..."

"ఉత్తదేనట!" అని అరిచాడు భర్త. "ఏమీ లేదట! ఉత్త బిస్కెట్టేనట!" ఆడపడుచు గోడ వదిలేసి తమ్ముడిని పట్టుకుంది. అత్తగారు పైకి చూసి దణ్ణం పెట్టారు. గైడుగారు రెండు చేతులూ అడ్డంగా ఊపుతూ, నోట్లోంచి దూది లాగి పారేసి, గాల్లో వేలితో పెద్ద సున్నా చుట్టారు.

"వృత్తం!" అన్నారు. "మందు ఉన్నది వృత్తంలోనే!"

ఆడపడుచు మళ్లీ గోడ దగ్గరకు వెళ్లిపోయింది. అత్తగారు నిలబడిన చోటే చతికిలబడ్డారు. భర్త కోడలి వైపు చూశాడు. ఆ చూపు ఆమె చాలా కాలం మరిచిపోలేదు.

"కంగారు పడకండి," అన్నారు గైడుగారు, ఒక్కో మాటకూ బుగ్గ నొక్కుకుంటూ. "ఎలుక ఎంత ఉంటుంది, మీరు ఎంత ఉన్నారు? మీ మీద ఇది పనిచేయాలంటే గోనెసంచీలకు సంచీలు తినాలి. రెండు మూడు బిస్కెట్లు ఎందుకూ పనికిరావు. ఇది నాకు తెలిసినంతవరకు. తెలియనిది కూడా ఉంటుంది కనుక సాయంత్రం దాకా ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండండి. ఏమాత్రం తేడాగా అనిపించినా ఆస్పత్రికి వెళ్దాం. నేనూ ఇక్కడే ఉంటాను." అని కోడలి వైపు తిరిగారు. "ఈ డబ్బాతో చేసినదంతా పక్కన పెట్టేయాలి. ఏ డబ్బాలో మందుందో నీకు తెలిసిపోయింది కనుక మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఎందుకలా చేశామో కూడా రాయాలి. డబ్బాలు ఇంటికి తేవడం గురించి రేపు విడిగా తిడతాను. ఇవాళ నోరు నొప్పి."

కోడలు తలూపింది. రేపు అన్న మాట వినగానే ఆమెకు ఊపిరి ఆడింది. రేపటికి కూడా తనకు సీటుందన్నమాట.

"ఇప్పుడు చెప్పండి, ఎవరెవరు ఎన్ని తిన్నారు?" అన్నారు గైడుగారు, అలవాటు కొద్దీ.

అత్తగారు రెండు తిన్నారు. భర్త మూడు. ఆడపడుచు ఒకటిన్నర తిని సగం టీలో పడేసుకుంది. గైడుగారు నడిమధ్యకు తిరిగారు. "మీరు?"

మామగారు కాసేపు పైకి, ఫ్యాను వైపు చూశారు. "నేను తినలేదండీ."

"అదేమిటి!" అన్నారు అత్తగారు. "నా చేత్తో నేనే ఇచ్చానుగా!"

"ఇచ్చావు. నువ్వు అటు తిరగ్గానే మళ్లీ పళ్లెంలో పెట్టేశాను. నాకు బిస్కెట్లంటే పడదు."

"ఎప్పటి నుంచి?"

"చిన్నప్పటి నుంచి."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదే?"

"భయమేసింది," అన్నారు మామగారు.

అత్తగారు నేల మీద నుంచి నెమ్మదిగా లేచారు. ఆవిడ ముఖంలోకి రక్తం తిరిగి రావడం అందరికీ కనిపించింది. "అయితే ఇందాకటి మాటలు? కిటికీ? మా అన్నయ్య? వరండా?"

"మందు, మందు అని మీరే అన్నారు కదా," అన్నారాయన గొంతు తగ్గిస్తూ. "ఏమన్నా దాని మీదకే పోతుందనుకున్నాను."

గైడుగారు బుగ్గ నొప్పి మరిచిపోయారు. కళ్లు మెరిశాయి. "చూశావా అమ్మా! భయం పోగొట్టే మందు తిన్నవాళ్లంతా గోడకు కరుచుకున్నారు. తినని ఈ ఒక్క మనిషే నడిమధ్య కూర్చుని మనసులో మాట చెప్పారు!" అంతలోనే చెయ్యి ఎత్తి తనను తానే ఆపుకున్నారు. "కానీ దీన్ని పట్టుకుని మనం ఏమీ అనకూడదు. ఒక్కసారి జరిగినదాన్ని శాస్త్రం నమ్మదు. అదే మనిషి, అదే చోట, అవే మాటలు మళ్లీ మళ్లీ అనగలగాలి. అప్పుడే అది నిజం."

అత్తగారు చీర కొంగు నడుముకు దోపుకుని మామగారి వైపు తిరిగారు.

"మళ్లీ జరగదండీ," అన్నారు మామగారు.